సరంగు లేని తొట్టి

రోజు 1

తొట్టి వచ్చింది. నాలుగేళ్ళుగా దరఖాస్తులు పెడుతున్నాను. ఈసారి కూడా పేరు రాకపోతే చేపల బీజశాల గుమ్మంలోనే చాప వేసుకుని పడుకుంటానని చెప్పి వచ్చాను. దానికి భయపడే ఇచ్చారని మా అత్త అంటుంది.

ఈ పుస్తకం తొట్టితోపాటే ఇచ్చారు. రోజూ రాయాలట. పేజీకి అయిదు గడులు: వేడి, ఉప్పు, మేత, చేపల నడవడి, ఇతర విషయాలు. ఇతర విషయాలకి రెండే గీతలు వేశారు. రెండు గీతల్లో నా కోపమే పట్టదు, ఇక సంతోషం ఏం పడుతుంది? అందుకని వెనకవైపు కూడా రాసేస్తాను. చదివే అధికారికి ఓపిక లేకపోతే అది వాళ్ళ ఖర్మ.

పేరు గరికిన నూకరత్నం. వయసు నలభై ఆరు. కొత్తరేవు రోప్‌వే స్టేషన్‌లో, తీగ మీద బండ్లు నడిపే లివర్ దగ్గర ఉద్యోగం. ఇంట్లో నేనూ, మా అత్త అసిరమ్మా, అంతే. రేవు అని పేరే గానీ మా కాలనీ ఉన్నది అరకు కొండల మీద, సముద్రానికి మూడువేల అడుగుల ఎత్తున. ఊళ్ళు మునిగినప్పుడు మావాళ్ళు పడవలు తెచ్చుకోలేక పేరొకటి తెచ్చుకున్నారు. సర్కారు ఒడ్డు పొడుగునా గీత గీసి, సముద్రం కోలుకునేదాకా మనుషులెవరూ దాటకూడదని అన్న ఏడు నాకు ఆరేళ్ళు. సముద్రం గురించి నాకు గుర్తున్నది చప్పుడు ఒక్కటే.

సాయంత్రం ఉప్పునీళ్ళ క్యాన్లు పైకి వచ్చాయి. కింద యంత్రాలు తోడి పంపిన అసలు సముద్రపు నీళ్ళు. క్యాను గుమ్మంలోకి రాగానే పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ తర్వాతే మూత తీయడం మా కాలనీ ఆనవాయితీ. నేనూ అలాగే చేశాను. మూత తీయడానికి మూడుసార్లు పట్టింది. లివర్ దగ్గర ఇరవై ఏళ్ళలో ఒక్కనాడు తడబడని చేతులు.

రోజు 9

వేడి 26. ఉప్పు 35. మేత: నాచు రేకులు, రెండుసార్లు.

చేపలు రెండూ కుదురుకున్నాయి. మరుగుజ్జు ఏంజెల్ చేపలంటే ఎంతో అనుకున్నాను, రెండు వేళ్ళ పొడవున్నాయి. అత్త అద్దం దగ్గర ముఖం పెట్టి, వేపుడు చేస్తే ఒక్క ముద్దలోకి కూడా రావని తేల్చేసింది. ఒళ్ళంతా నేరేడు పండు రంగు, పక్కల మాత్రం కనకాంబరాల రంగు. పగలంతా రాళ్ళ మీద నాచు గీరుకుని తింటూనే ఉంటాయి. ఒక చోట ముక్కు ఆనించి గీరడం, కన్నంలో దూరడం, ఇంకో కన్నంలోంచి రావడం. అత్తారింటికి కొత్తగా వచ్చిన కోడలు కూడా అన్నిసార్లు గదులు మారదు.

పెద్దది మగది. దానికి సరంగు అని పేరు పెట్టాను. పడవలో చుక్కాని పట్టేవాడిలాగే తొట్టి మొత్తం తన చేతిలో ఉన్నట్టు తిరుగుతుంది. చిన్నది ఆడది, దాని పేరు కనకాంబరం.

బీజశాల నుంచి వారానికోసారి పాంగి సుమిత్ర అనే అమ్మాయి వచ్చి చూస్తుంది. కొండ మనిషి, ఇక్కడే పుట్టి పెరిగింది. సముద్రం ముఖం ఎప్పుడూ చూడని పిల్ల మా జాలరోళ్ళకి చేపల సంగతి చెబుతుంటే నాకు నవ్వాగలేదు. చేతికి తలనూనె గానీ సబ్బు గానీ ఉంటే నీళ్ళలో పెట్టొద్దంది. ఆమె అటు వెళ్ళిందో లేదో, అత్త తొట్టిలో వేలు ముంచబోయింది. ఒక్క అరుపు అరిచాను. అత్త చెయ్యి వెనక్కి తీసుకుని, ఇక తొట్టి పక్కకి రానని మంచమెక్కి కూర్చుంది. కాస్త గట్టిగానే అరిచినట్టున్నాను.

రోజు 27

వేడి 26. ఉప్పు 35.

ఈ సందె చూసినది రాయకపోతే నిద్రపట్టదు. తొట్టి మీద దీపం సాయంత్రం అరగంట సేపు మెల్లగా తగ్గుతుంది, పొద్దు గుంకినట్టే. ఆ మసక వెలుతురులో సరంగు రాయి మీదికి లేచి, రెక్కలన్నీ విప్పి, కనకాంబరం చుట్టూ తిరిగి, మళ్ళీ పైకి లేచింది. రమ్మని పిలవడమే అది. కనకాంబరం జానెడు దూరం వెంట వెళ్ళి, ఏమనుకుందో, చటుక్కున కన్నంలో దూరింది. అత్తని పిలిచాను. అలక మరిచిపోయి వచ్చింది. ఇద్దరం నేల మీద చతికిలబడి, దీపం పూర్తిగా ఆరేవరకూ చూశాం.

గుడ్లు పడితే బీజశాల వాళ్ళు తీసుకెళ్ళి పిల్లల్ని చేసి, రెండు నెలలు పెంచి, సముద్రంలో పగడాల దిబ్బ దగ్గర వదులుతారు. మొదట ఎవరి తొట్టిలో గుడ్లు పడితే ఆ ఇంటివాళ్ళకి గీత దాటే మొదటి పడవలో రెండు చోట్లు. ఒకరు పిల్లల క్యాను పట్టుకోవాలి, ఒకరు చుక్కాని పట్టాలి. తెడ్లు వేయడానికి బీజశాల మనుషులుంటారు. మా అత్తకి ఎనభై ఒకటి. ఈ నలభై ఏళ్ళలో ఆమె నోరు తెరిచి అడిగింది ఒకటే, సముద్రం ఇంకోసారి చూపించమని. క్యాను ఆమె ఒళ్ళో పెడతాను. చుక్కాని సంగతి తర్వాత చూసుకుందాం.

రోజు 52

వేడి 26. ఉప్పు 35.

చలి ముదిరింది. తొట్టిలో హీటరు ఆగకుండా పనిచేస్తోంది, అద్దాల మీద ఆవిరి పడుతోంది. రోజూ వేలెడు నీళ్ళు తగ్గుతున్నాయి. తగ్గిందల్లా క్యాన్లోంచి పోస్తున్నాను. వారం వారం పాత నీళ్ళు కొన్ని తీసి కొత్తవి పోయమని ఇచ్చిన క్యాను దీనికే సరిపోతోంది.

కాలనీలో మాత్రం ఏదో అవుతోంది. మొన్న కింది వీధిలో ఒక ఇంట్లో రెండు చేపలూ పోయాయి. నిన్న గుడి వెనక ఇంట్లో. మొత్తం పదకొండు తొట్లు ఇస్తే ఇప్పటికి అయిదు ఖాళీ. అరకు బజారులో కొండవాళ్ళ ఇళ్ళల్లో ఉన్న తొట్లకి ఏమీ కాలేదు. రోప్‌వే ఎక్కే జనం నా వినికిడిలోనే అనేస్తున్నారు, తరతరాలు చేపల్ని పట్టి చంపిన చేతులు, పెంచడం వాటికేం తెలుసని. లివర్ వదిలేసి ఆ మాటన్నవాడి పీక పట్టుకోవాలనిపించింది. బండి గాలిలో ఉంది కాబట్టి ఊరుకున్నాను.

బీజశాల కాగితం కూడా వచ్చింది. వందో రోజుకి గుడ్లు పడకపోతే కొత్తరేవు తొట్లన్నీ వెనక్కి తీసుకుంటారట. తీసుకోనీ చూద్దాం. మా సరంగు ఉన్నాడు.

రోజు 63

సరంగు మేత ముట్టలేదు. పొద్దున్నించీ మూల రాయి పక్కనే నిలబడి ఉంది, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. రంగు వెలిసింది. సుమిత్రకి కబురు చేశాను. నాలుగు రోజుల తర్వాత గానీ రాలేదట.

పంపు చూశాను, బాగుంది. హీటరు చూశాను, బాగుంది. ఉప్పుముల్లు చూశాను, 35. అది చిన్న ప్లాస్టిక్ డబ్బీ. నీళ్ళు నింపితే లోపల ముల్లు లేచి అంకె చూపిస్తుంది. మొదటి రోజునుంచీ ఒక్క గీత కూడా కదలలేదు. అంత బాగా చూసుకుంటున్నాను.

రోజు 64

సరంగు పోయింది.

ఇంకేమీ రాయను.

రోజు 66

రాస్తాను. రాసి తీరాలి.

పొద్దున కనకాంబరం కూడా ఊపిరి ఎగబీలుస్తూ కనిపించింది. నేను క్యాను ఎత్తి, తగ్గిన నీళ్ళు పోస్తూ ఏడుస్తున్నాను. అత్త మంచం దిగి వచ్చింది. ఈసారి నా అరుపు కోసం ఆగలేదు. చెంగుతో వేలు తుడుచుకుని, తొట్టిలో ముంచి, నాలిక మీద వేసుకుంది. ముఖం అదోలా పెట్టింది. మళ్ళీ ముంచింది.

"ఒలే రత్నం, ఇది సముద్రం కాదే. మడి," అంది. "నౌపడ మడి. ఉప్పు గట్టడానికి నాల్రోజులు ముందర నీరు ఇలగే ఉంటాది."

మా అత్త పెళ్ళికి ముందు పదేళ్ళు నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసింది. నేను ఒప్పుకోలేదు. ముల్లు చూపించాను, 35. ఆమె ముల్లు వైపు కూడా చూడలేదు.

"నువ్వు రోజూ ఏటి పోస్తన్నావు?"

సముద్రపు నీళ్ళేనని చెప్పాను. సముద్రపు చేపకి ఇంకేం పోస్తాను?

"ఎండ నీటినే తాగుతాది గానీ ఉప్పుని ముట్టుకోదే. నీ తొట్టిలో ఆవిరీ అంతే. నీరు పోయి ఉప్పు ఉండిపోనాది. నువ్వు దాని మీద ఇంకా ఉప్పు పోసినావు. అరవై దినాలు మడి గట్టినావు. తగ్గినకాడికి మంచినీరు పొయ్యాల."

ఉప్పుముల్లు డబ్బీని గోరుతో గీకాను. ముల్లు అడుగున తెల్లగా ఉప్పు పేరుకుని, ముల్లుని 35 దగ్గర అతికేసి ఉంది. గీకగానే ముల్లు చివరి గీత దాటి పైకి తన్నుకుంది.

సముద్రపు నీళ్ళలో కుళాయి నీళ్ళు కలపడం మా కాలనీలో ఎవరి ఊహకీ అందని పని. పసుపు రాసి, బొట్టు పెట్టి ఇంట్లోకి తెచ్చుకున్న గంగలో కుళాయి నీళ్ళు పోస్తామా? ఆ భక్తితోనే పదకొండు ఇళ్ళల్లోనూ ఒకే పని చేశాం. కొండవాళ్ళకి ఆ పట్టింపు లేదు, చెంబుతో మంచినీళ్ళు పోసుకున్నారు, వాళ్ళ చేపలు బతికాయి.

తొట్టి పక్కన ఉప్పు తెలిసిన మనిషి ఉంది. వేలు పెట్టబోతే అరిచి మంచమెక్కించాను. సరంగుని చంపింది నేనే. అధికారి గారూ, ఇది కింద గీత పెట్టుకుని మరీ చదవండి.

రోజు 67

సుమిత్ర వచ్చి తన యంత్రంతో కొలిచింది. 48 ఉంది. ఒక్క రోజులో దించితే చేప తట్టుకోలేదంది. రోజుకి కొంచెం ఉప్పునీళ్ళు తీసి, అంత మంచినీళ్ళు పోయాలి. మొదటి చెంబు నేనే పోశాను. విషం పోస్తున్నట్టు అనిపించింది. కనకాంబరం కన్నంలోంచి తల బయటపెట్టి చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

పుస్తకంలో తగ్గిన నీరు భర్తీ చేయాలని రాశారు గానీ ఏ నీళ్ళో రాయలేదేమని సుమిత్ర మీద ఎగిరాను. ఆ అమ్మాయి నా పుస్తకం మొదటినుంచీ తిరగేసింది.

"అది అందరికీ తెలుసనుకున్నాం రత్నం గారూ. తప్పు మాదీ ఉంది," అంది. "కానీ అరవై రోజులు ఒకే అంకె రాస్తే ఒక్కసారైనా అనుమానం రావాలి కదా. నేను చూసి సంతకం పెట్టాను. నాకూ రాలేదు."

అంత నిజం చెప్పాక ఇక ఎవరితో పోట్లాడను? ఇద్దరం కలిసి మిగిలిన ఇళ్ళకి చెంబు పట్టుకుని వెళ్ళాం. గంగలో కుళాయి నీళ్ళా అని ఒకావిడ తలుపు వేసేసింది. అత్తని రిక్షాలో తీసుకెళ్ళి, ఆమె చేత ప్రతి తొట్టిలోనూ వేలు ముంచించి చెప్పించాక గానీ నమ్మలేదు. మధ్యాహ్నానికి అత్తకి నాలిక మొద్దుబారిపోయింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. అరవై ఏళ్ళ తర్వాత ఆమెకి తెలిసిన ఉప్పు పని అడిగేవాళ్ళు దొరికారు.

రోజు 71

వేడి 26. ఉప్పు 44, సుమిత్ర ఇచ్చిన కొత్త యంత్రంతో. కనకాంబరం ఈ పూట నాచు గీరింది.

ఇక దీనికి మగ చేప ఎక్కడ దొరుకుతుందని అడిగాను. బీజశాలలో ఈ జాతి మగది ఒక్కటీ లేదట. సరంగే ఆఖరుది. ఇక అంతా అయిపోయిందనుకున్నాను. సుమిత్ర మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుంది.

"మగది అక్కర్లేదండి. ఇంకో ఆడది చాలు," అంది. "ఈ చేపలన్నీ ఆడవిగానే పుడతాయి. కలిసి ఉన్నవాటిలో పెద్దది మగదిగా మారుతుంది. మగది ఉన్నంతకాలం మిగతావి మారవు. అది పోతే, తర్వాతి పెద్దది ఆ చోటు తీసుకుంటుంది. మూడు వారాలు పట్టొచ్చు."

నాతో ఆటలాడుతోందనుకున్నాను. ఒట్టేసి చెప్పింది. అత్త అయితే పడీ పడీ నవ్వింది. తన కాలంలో ఈ సదుపాయం ఉండి ఉంటే తను ఎన్ని పడవలు నడిపేదో అంది. ఆడది పడవెక్కితే చేప పడదని మావాళ్ళ పట్టింపు. అత్త పుట్టింది ఒడ్డున, పెరిగింది ఒడ్డున, మెట్టింది జాలరింట. పడవలో మాత్రం ఒక్కసారీ కాలు పెట్టలేదు.

రోజులు లెక్కపెట్టాను. వందో రోజుకి ఇంకా ఇరవై తొమ్మిది. అందుతుంది. అందాలి. బీజశాలలోనూ కొండవాళ్ళ ఇళ్ళల్లోనూ ఈ జాతివి లేవట. మా కాలనీలో ఆడది ఒక్కటే ఉంది, జత పోయి, వాసుపల్లి దాసయ్య ఇంట్లో.

రోజు 72

దాసయ్య మావకి డెబ్భై ఎనిమిది. కాలనీలో చుక్కాని పట్టినవాళ్ళలో మిగిలింది ఆయన ఒక్కడే. ఆయన చుక్కాని తెడ్డు ఇప్పటికీ హాల్లో గోడకి వేలాడుతోంది, పూలదండతో సహా. ఆ ఇంటి ఆడవాళ్ళు గోడ తుడిచినా తెడ్డు తుడవకూడదు.

నేను వెళ్ళి ఆ గోడకే ఆనుకుని నిలబడ్డాను, తెలియక. ఆయన లేచి నిలబడి జరగమన్నాడు. అలా మొదలైంది మా మాట. తన చేప ఇవ్వనన్నాడు. ఆడ చేప మగదవుతుందని కొండపిల్ల చెబితే నమ్మడానికి నాకు బుద్ధి లేకపోయినా తనకుందన్నాడు. నేనూ ఊరుకోలేదు. మీ చేపకి జత ఎక్కడినుంచి తెస్తారు, సముద్రంలో వల వేసి తెస్తారా అని అడిగేశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు.

వచ్చేస్తూ గుమ్మంలో ఆగి, మీ చేప మీదగానే ఉంటుంది, గుడ్లు పడితే పడవలో ఒక చోటు మీదే, చుక్కాని మీరే పట్టాలని చెప్పాను. అనేశాక గానీ తెలియలేదు, నా చోటు ఇచ్చేశానని. పర్వాలేదు. క్యాను అత్తది. నేను ఒడ్డున నిలబడతాను. చప్పుడు వినిపిస్తే చాలు.

రోజు 73

దాసయ్య మావ పొద్దున్నే వచ్చాడు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా, దానిలో చేప.

రోజు 80

వేడి 26. ఉప్పు 37.

మావ తెచ్చిన చేప కనకాంబరం కంటే చిన్నది, దానికి చుక్క అని పేరు. కన్నాల డబ్బీలో పెట్టి తొట్టిలోనే వేలాడదీసి వారం ఉంచాం, ఒకదాన్నొకటి చూసుకుంటూ అలవాటు పడాలని. ఈ రోజు వదిలాం. కనకాంబరం ఒక్క ఉదుటున వచ్చి చుక్కని మూలకి తరిమింది. దాసయ్య మావ నా కంటే ముందు కుర్చీలోంచి లేచాడు. మూడుసార్లు తరిమింది. నాలుగోసారి చుక్క కన్నంలోకి దూరి, ముఖం మాత్రం బయటపెట్టి కూర్చుంది. కనకాంబరం ఆ కన్నం ముందు అటూ ఇటూ తిరిగి, తన పని తాను చూసుకుంది.

మావ ఇప్పుడు రోజూ సందెవేళకి వస్తున్నాడు. తన చేపని చూసుకోవడానికే అంటాడు. అత్త టీ ఇస్తుంది. ఇద్దరూ ఎప్పుడో మునిగిపోయిన ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటారు.

రోజు 88

ఉప్పు 35. ఈసారి నిజం 35. కొత్త యంత్రం చెప్పింది, అత్త నాలిక కూడా చెప్పింది.

కనకాంబరం మారుతోంది. నా కళ్ళు నన్ను మోసం చేయడం లేదు. రెక్కల అంచుల్లో నీలం చిక్కబడింది. నడకే మారింది. ఇదివరకు రాళ్ళ వెనకనుంచి తిరిగేది, ఇప్పుడు తొట్టి మధ్యలోంచి దర్జాగా వెళ్తోంది. సరంగు ఏ రాయి మీద నిలబడేదో సరిగ్గా ఆ రాయి మీదే నిలబడుతోంది. స్టేషన్‌లో బండికీ బండికీ మధ్య ఇదే చెబుతున్నాను. అరకు కొండవాళ్ళు కూడా దిగి, కనకాంబరం ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నారు. చంపిన చేతులు అన్నవాడు నిన్న అడిగాడు. చెప్పాను. కాస్త ఎక్కువే చెప్పాను, అతని బండి తప్పిపోయేంత.

రోజు 96

పడ్డాయి. గుడ్లు పడ్డాయి.

క్రమంగా రాయమంటారు గదా, రాస్తాను. దీపం మసకబారింది. నేనూ, అత్తా, మావా నేల మీద కూర్చున్నాం. కనకాంబరం రాయి మీదికి లేచింది, రెక్కలు విప్పింది. చుక్క కన్నంలోంచి వచ్చింది, వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది. మావ గొంతులో ఏదో గొణుగుతున్నాడు, తెడ్డు వేసేవాళ్ళకి చెప్పేలాంటి మాటలు. ఉన్నట్టుండి రెండూ పక్కపక్కన మెల్లగా పైకి లేచాయి. కనకాంబరం చుక్క పొట్టకి ముక్కు ఆనించింది. రెప్పపాటులో రెండూ పైకి దూసుకుపోయి, నీటి అంచున తళుక్కున తిరిగి, కింద పడ్డట్టు రాళ్ళలోకి వచ్చేశాయి. అవి తిరిగిన చోట పొగలాంటి చిన్న మసక మిగిలింది.

గాజు గిన్నెతో పైనీళ్ళు తీసి లైటుకి పట్టాను. సూదిమొనలంత గుడ్లు, నీళ్ళకంటే తేటగా, తేలుతూ. అత్తకి కనపడలేదు. నేను ఆమె వేలు పట్టుకుని గిన్నె మీద ఒక్కో గుడ్డు ఎక్కడుందో చూపించాను.

స్టేషన్‌కి పరుగెత్తి, అరకు వెళ్ళబోతున్న బండి ఆపి, సుమిత్రని తీసుకురమ్మని కబురు పంపాను. డ్యూటీలో లేకుండా లివర్ ముట్టుకున్నానని నా మీద రాసుకుంటారు. రాసుకోనీ. సుమిత్ర వచ్చి, భూతద్దం పెట్టి లెక్కపెట్టింది. రెండువందల పధ్నాలుగు. ఆ పిల్ల అద్దానికి తల ఆనించి ఏడ్చేసింది. సముద్రం ఎరగని పిల్ల. నేను దగ్గరకి తీసుకున్నాను.

వందో రోజుకి ఇంకా నాలుగు రోజులున్నాయి.

రోజు 99

పడవ కాగితం తెచ్చింది సుమిత్ర. రెండు పేర్లు రాయాలి. క్యాను పట్టుకునేవారు: గరికిన అసిరమ్మ. నేనే రాశాను, గుండ్రంగా. చుక్కాని పట్టేవారు: కాగితం దాసయ్య మావ ముందుకి జరిపాను.

ఆయన కలం తీసుకోలేదు. తొట్టివైపు చూస్తూ కూర్చున్నాడు. కనకాంబరం తన రాయి మీద ఉంది. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆడమనిషితో ఒకే పడవలో కూర్చోవడం ఇష్టం లేదేమో, అత్త పేరు కొట్టేయమంటాడేమో అని భయపడ్డాను. అలా అంటే ఏమనాలో నాలుగు మాటలు సిద్ధం చేసి పెట్టుకున్నాను.

పది నిమిషాలకి వచ్చాడు. భుజం మీద తెడ్డు. పూలదండ తీసేశాడు. తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టాడు.

"నాకు కళ్ళానవు కోడలా. దిబ్బ కనిపించకుండా సరంగుతనమేటి?" అన్నాడు. "ఆ చేప నేర్సుకున్నాది గదా ఇరవై దినాల్లో. నీకు అరవై దినాలున్నాయి."

సిద్ధం చేసుకున్న నాలుగు మాటలూ పక్కన పెట్టి, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, కాగితం మీద నా పేరు రాశాను.

రోజు 121

వేడి 26. ఉప్పు 35. తొట్టిలో మళ్ళీ మళ్ళీ గుడ్లు పడుతున్నాయి, దాదాపు ప్రతి సందెలోనూ. మిగిలిన ఇళ్ళల్లో చేపలు బాగున్నాయి. క్యాన్లకి ఇప్పటికీ పసుపు రాస్తున్నాం, పక్కన మంచినీళ్ళ చెంబుకి కూడా రాస్తున్నాం.

నా పాఠాలు మేడ మీద. స్టూలు మీద కూర్చుని, పిట్టగోడ మీదుగా తెడ్డు వేలాడదీసి, మావ కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. కెరటం వస్తే ముందుగా ఒంట్లో తెలియాలంటాడు. మేడ మీద కెరటం ఎక్కడిదని అడిగితే స్టూలుని కాలితో తన్నాడు. రెండుసార్లు పడ్డాను. మూడోసారి పడలేదు. కింద రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు చూసి నవ్వుతున్నారు. నేనూ నవ్వాను.

రోజు 163

ఈ పేజీ తడిసింది. ఉప్పునీళ్ళే, నన్నేమీ అనొద్దు.

గీత అంటే ఏదో గోడ ఉంటుందనుకున్నాను. ఇనప తీగ, ఒక గేటు, గేటు దగ్గర కాగితం చూసే మనిషి. కాగితం మీద సరంగు పేరు చదివి నా ముఖం చూశాడు. నేనూ అతని ముఖం చూశాను. గేటు తీశాడు.

ముందు చప్పుడు వచ్చింది. నాకు గుర్తున్న చప్పుడే. ఇసుకలో నడవడం రాక అత్తా నేనూ ఒకరినొకరు పట్టుకున్నాం. దాసయ్య మావ ఒడ్డున కుర్చీలో కూర్చుని, పడవ నీళ్ళలోకి దిగింది మొదలు అరుస్తూనే ఉన్నాడు. ఎడమకి పట్టమని అరిచాడు. నేను అప్పటికే పట్టాను. మొదటి కెరటం కిందనుంచి ఎత్తినప్పుడు నా ఒంట్లో ముందుగానే తెలిసింది. ఆ స్టూలుని ఇకమీదట ఎవరూ ఏమీ అనకూడదు.

దిబ్బ దగ్గర నీళ్ళు ఆకుపచ్చగా, అడుగు కనిపిస్తూ ఉన్నాయి. క్యాన్లో గోటంత పిల్లలు, డెబ్భై ఒకటి. అప్పుడే నేరేడు రంగు తిరుగుతున్నాయి. అత్త ఒళ్ళోంచి క్యానుని సుమిత్ర మెల్లగా వంచింది. పిల్లలు ఒక్క క్షణం గుంపుగా నిలబడి, ఆ తర్వాత తలో రాయి దగ్గరికి పోయి, నాచు గీరడం మొదలుపెట్టాయి. మా తొట్టిలో లాగే.

అత్త పడవ అంచు మీదికి వంగింది. చెంగుతో వేలు తుడుచుకుని నీళ్ళలో ముంచింది. నేను అరవలేదు. నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. తెడ్లు ఆగాయి. నేను చుక్కాని పట్టుకుని ఆమె ఏం చెబుతుందోనని చూస్తున్నాను.

వేడి: చూడలేదు.

మేత: వాటికవే తింటున్నాయి.

ఉప్పు: యంత్రం తీయలేదు. అత్త నాలిక మీద వేసుకుని చూసింది. సరిపోయింది.